వెనక వరసాయన

ఆయన చనిపోయిన వార్త నేను పేపర్లో చూడలేదు. రాలేదని కాదు, వచ్చింది. ఆదోని పేజీలో వచ్చింది. నేను ఉండేది ఎమ్మిగనూరులో. మధ్య దూరం బస్సులో గంట కూడా ఉండదు గానీ, మా జిల్లా పేపర్లో ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో పేజీ వేస్తారు. ఆదోనికి వేసిన పేజీ ఎమ్మిగనూరుకు రాదు, ఎమ్మిగనూరు పేజీ ఆదోనికి పోదు. అందువల్ల ఆదోనిలో చనిపోయినవాళ్లు ఆదోని పేజీలోనే చనిపోతారు. మా పేజీలో బతికే ఉంటారు. ఆయన నాకు అట్లా నాలుగు రోజులు ఎక్కువ బతికాడు.

అయిదో రోజు ఆదోని నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, మా హేతువాద సంఘంలో పాత సభ్యుడు.

"సారూ, వెనక వరసాయన పోయినాడు. తెలిసిందా?"

"ఎప్పుడప్పా?"

"ఆదివారము. గుండె నిలబడిపోయింది. మీరు వస్తారేమో అని చూస్తిమి."

"నాకెవరూ చెప్పలేదే!"

"పేపర్లో వచ్చింది గదా," అన్నాడు. అంతలోనే గుర్తొచ్చి, "ఓ, మీది ఎమ్మిగనూరు పేపరు గదా," అన్నాడు.

ఆ మాటలో దెప్పు లేదు. ఆయన దెప్పే మనిషి కాదు. అయినా అది తగలవలసిన చోట తగిలింది. ఎందుకు తగిలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయిన మనిషి విలేకరి. ఆదోని నుంచి ఒక దినపత్రికకు ఇరవై ఏళ్లకు పైగా వార్తలు రాశాడు. విలేకరి అంటే ఉద్యోగి అనుకోకండి. మా వైపు చిన్న పట్నాల్లో విలేకరికి నియామక పత్రం ఉండదు. ఉండమన్నన్నాళ్లు ఉంటాడు, వద్దన్ననాడు పోతాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆదోనిలో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువే. పార్టీలవాళ్లు, షామియానాలు వేసేవాళ్లు, సభల దగ్గర బొరుగులు అమ్మే ఆడవాళ్లు, అందరూ వెనక వరసాయన అనేవాళ్లు.

రాజకీయ పార్టీల మహాసభలంటే విలేకరులకు స్టేజీ ముందు కుర్చీలు వేస్తారు. చుట్టూ తాడు కడతారు. కూలర్లు పెడతారు, మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారు, నాయకుడు ఏం మాట్లాడబోతున్నాడో ఆ కాగితాలు ముందే చేతికిస్తారు. ఆయన ఆ కుర్చీలదాకా పోయేవాడు. కాగితాలు తీసుకునేవాడు, తోటివాళ్లను పలకరించేవాడు, మళ్లీ జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చేవాడు. షామియానా నీడ ఎక్కడ అయిపోతుందో అక్కడ, నీళ్ల డ్రమ్ముల పక్కన కూర్చునేవాడు.

ఆ నడకలోనే జనాన్ని లెక్కపెట్టేవాడు. ప్యాంటు ఎడమ జేబులో చింతగింజలు ఉండేవి. ఒక వరస దాటితే ఒక గింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. వరసకు ఎంతమందో ముందే నాలుగైదు చోట్ల ఎంచి చూసుకునేవాడు. వెనక్కి చేరేసరికి సభ మొత్తం ఆయన కుడి జేబులో ఉండేది. మైకులో లక్ష మంది అని అరుస్తుంటే ఆ జేబు పదివేలు దాటలేదనేది.

"ఫోన్లో లెక్కపెట్టుకోవచ్చు గదప్పా, ఈ గింజలెందుకు?" అని ఒకసారి అడిగాను.

"ఫోను తీస్తే నాయకుని మనుషులు వచ్చి ఏం రాసుకుంటాండావని అడుగుతారు సారూ. జేబులో చెయ్యి పెట్టుకోని తిరిగితే ఎవరూ అడగరు. ఎండకు మతి చెడినోడు అనుకుంటారు."

ముందు కుర్చీల్లో ఎందుకు కూర్చోవని అడిగినా ఆయన దగ్గర జవాబు ఉండేది. "ముందు కుచ్చుంటే జనం మొహాలు కనపడతాయి. మొహాలు సభకు తయారయ్యి వస్తాయి సారూ. వీపులు తయారు గావు. వీపు సూస్తే తెలిసిపోతాది, వింటాండాడా, బస్సు కోసం సూస్తాండాడా అని."

చేతి గడియారం మణికట్టు లోపలివైపు పెట్టుకునేవాడు. సభలో మొదటి మనిషి లేచి వెళ్లినప్పుడు ఒకసారి, ఆడవాళ్లు గుంపుగా లేచినప్పుడు ఒకసారి, చెయ్యి తిప్పి చూసుకుని టైము రాసుకునేవాడు. ఏ పార్టీ సభ గురించి రాసినా ఆ టైము చివర్లో ఉండేది. పార్టీల వాళ్లకు మంట పుట్టించింది ఆ ఒక్క వాక్యమే.

మొదటి వాక్యం మాత్రం ఎవరూ చదివి ఉండరు. ఎందుకంటే అది ఏనాడూ అచ్చు కాలేదు. ఆయన ప్రతి వార్తనూ తాను ఎక్కడ నిలబడి చూశాడో చెప్పి మొదలుపెట్టేవాడు. "మైదానం వెనక గేటు పక్క నుంచి చూసిన మేరకు" అనో, "నీళ్ల డ్రమ్ముల దగ్గర నుంచి వినబడినంత వరకు" అనో. జిల్లా ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కువాళ్లు ప్రతిసారీ దాన్ని కొట్టేసేవాళ్లు. ఆయన ప్రతిసారీ రాసేవాడు. ఇరవై ఏళ్లు.

"కొట్టేస్తారని తెలిసీ ఏంటికప్పా రాస్తావు?"

"కొట్టేసేది వాళ్ల పని సారూ. నేను యాడ నిలబడినానో నేను సెప్పల్ల గదా. సెప్పకపోతే నేనేమన్న దేవుడా, అన్ని పక్కలా చూసేదానికి?"

దేవుడు లేడని ముప్పై ఏళ్లుగా ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ని నేను. హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పాను, సాయంత్రాలు పెద్దలతో వాదించాను. సాక్షి తాను నిలబడిన చోటు చెప్పాలన్నది మా శాస్త్రంలో మొదటి పాఠం. ఆ పాఠం అంత తేటగా నా ముందు చెబుతున్న మనిషి నుదుట గంధం బొట్టు ఉంది. నాకు ఆ బొట్టు కనబడింది. మాట వినబడలేదు.

అవును, ఆయన భక్తుడు. వీలైన ప్రతి గురువారం బస్సెక్కి మంత్రాలయం పోయి వచ్చేవాడు. నేను వదిలేవాణ్ని కాదు.

"ఏమప్పా, మీ స్వామికి సభ రిపోర్టు ఇచ్చి వచ్చినావా?"

"ఇచ్చినా సారూ. జనం ఎంతమంది వచ్చినారని అడిగినాడు."

"లక్ష అన్నావా?"

"నీళ్ల డ్రమ్ముల కాన్నుంచి సూస్తే పది వేలు అన్నా. సరేలే పో అన్నాడు. మీ మాదిరి స్కేలు తెమ్మనలేదు."

నవ్వేవాడు. నవ్వేటప్పుడు కుడి చెవి తమ్మెను వేళ్లతో రుద్దుకునే అలవాటు. ఎవరైనా తిట్టినప్పుడూ అదే పని చేసేవాడు. కనుక ఆయన నవ్వుతున్నాడో తిట్టు తింటున్నాడో దూరం నుంచి చూస్తే తెలిసేది కాదు.

తిట్లకు కొదవేమీ లేదు. ఒకసారి ఆదోనిలో టీ హోటల్లో మేమిద్దరం కూర్చుని ఉండగా ఒక పార్టీ కార్యకర్త వచ్చి బల్ల మీద పేపరు కొట్టాడు.

"ఏమప్పా, మా సభ నీ కండ్లకు ఆనలేదా? మూడున్నరకే జనం లేసిపోయినారని రాస్తివే!"

"లేసిపోయిరి కాబట్టి రాస్తిని. నువ్వు గూడ పోతివి గదా. తెల్ల అంగీ ఏసుకోని, చెప్పులు చేతిలో పట్టుకోని."

హోటలంతా నవ్వింది. ఆ మనిషి తడబడ్డాడు. "నాకు పనుండె."

"వాళ్లకూ పనుండె."

అదే హోటల్లో, అదే నెలలో, రెండో పార్టీవాడు వచ్చి ఇదే గొడవ పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. "పోయిన వారం నేను వాళ్ల మనిషి, ఈ వారం వీళ్ల మనిషి. సంతలో గొడ్డు మాదిరి నన్ను ఎవరో ఒకరు తోలకపోతానే ఉండారు," అన్నాడు నాతో.

సభకు పోయినవాడు మర్నాడు పేపర్లో సభను చూడడు. తనను వెదుక్కుంటాడు. కనబడకపోతే విలేకరి అమ్ముడుపోయాడంటాడు. ఇది నాకు అప్పుడే తెలుసు. ఈ విషయం మీద వ్యాసం కూడా రాశాను. అభిమానులు అరుస్తారు, హేతువాది కొలుస్తాడు అని రాశాను. నేను అభిమానిని కాననుకున్నాను.

ఆరేళ్ల కిందట, ఎన్నికలు దగ్గర పడుతుండగా, అధికార పార్టీ తన జిల్లా మహాసభను ఆదోనిలో పెట్టింది. స్టేజీ పక్కనే హోమం చేయించారు. ప్రజల పార్టీ మహాసభకు పొగగుండం ఎందుకని నేను మండిపడ్డాను. రెండు వారాల తర్వాత అదే మైదానంలో ప్రతిపక్షం మహాసభ జరిగింది. అందులో ఒక నాయకుడు మూఢనమ్మకాలను అరికట్టే చట్టం తేవాలని మాట్లాడాడని గుమాస్తా మిత్రుడు ఫోన్లో చెప్పాడు. ముప్పై ఏళ్లుగా మేం అడుగుతున్న చట్టం! ఒక పెద్ద పార్టీ వేదిక మీద ఆ మాట! నాకు ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే ఎమ్మిగనూరు గ్రంథాలయం తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను.

పేపర్లో నాలుగు లైన్లు ఉన్నాయి. ఆదోనిలో ప్రతిపక్ష మహాసభ జరిగింది, ఫలానావాళ్లు పాల్గొన్నారు. అంతే. చట్టం మాట లేదు. రెండు వారాల కిందటి పేపరు తీయించాను. అధికార పార్టీ సభ జిల్లా మొదటి పేజీలో అరపేజీ నిండా ఉంది. జనసంద్రం అని శీర్షిక. రెండు వార్తలూ ఆదోని పేరుతో మొదలయ్యాయి. ఆదోని విలేకరి ఆయన. బడి నుంచి చెక్క స్కేలు తెప్పించి రెండింటినీ కొలిచాను.

పక్షం రోజుల్లో "పత్రికలు, పక్షపాతం" అని ఎమ్మిగనూరులో చేనేత కార్మికుల హాల్లో చర్చ పెట్టాం. ఆయనకు నేనే ఫోన్ చేశాను. పిలవలేదు, రాగలవా అని సవాలు చేశాను. "వస్తా సారూ, సాయంత్రం బస్సుకు," అన్నాడు. వచ్చాడు. వెనక తలుపు పక్కన కూర్చున్నాడు.

నేను రెండు పేపర్లనూ అట్టకు అంటించి ఎత్తి చూపించాను. "ఇది అధికార పార్టీ సభ. ఇది ప్రతిపక్షం సభ, నా బొటనవేలంత లేదు. రెండూ ఒకే ఊళ్లో, ఒకే మైదానంలో జరిగాయి. రెండూ రాసింది ఒకే చెయ్యి. ఆ చెయ్యి ఈ హాల్లోనే ఉంది. జవాబు చెప్పమనండి!"

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన లేచాడు. చెవి తమ్మె రుద్దుకున్నాడు.

"సారూ, మీరు చూసింది ఏ ఊరి పేపరు?"

అంతే అడిగాడు. జవాబంతా అందులోనే ఉంది. కానీ ఎదుటివాడి ప్రశ్నకు జవాబు వెదకవద్దు, ఇంకో ప్రశ్నతో కొట్టు అని నేను కుర్రతనంలోనే చర్చావేదికల మీద నేర్చుకున్నాను. అందులో నాకు పేరుంది.

"పేపరుకు ఊరేమిటప్పా?" అన్నాను మైకులో. "సత్యానికి ఆదోనిలో ఒక రంగు, ఎమ్మిగనూరులో ఒక రంగు ఉంటుందా?"

చప్పట్లు హాలు కప్పు అదిరేటట్టు మోగాయి. "అట్ల అడగండి సారూ!" అని ముందు వరసలో ఎవరో అరిచారు. ఆయన చప్పట్లు ఆగేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత, "ఆదోని పేపరు గూడ ఒకసారి సూడండి సారూ," అన్నాడు. మైకు లేని గొంతు. వెనక నుంచి ముందుకు వచ్చేసరికి సన్నబడిపోయింది. చాలామందికి వినబడలేదు. నాకు వినబడింది. వినబడిందని ఈరోజు ఒప్పుకుంటున్నాను.

"చూడవలసింది చూశాం. కూర్చో," అన్నాను.

తర్వాత నా ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా వెయ్యి కాపీలు వేశాం. కలం అమ్ముకున్న విలేకరి అని ఆయన పేరుతో సహా అందులో రాశాను. ప్రతిపక్షంవాళ్లు వచ్చి కట్టలు కట్టలుగా పట్టుకుపోయి ఆదోనిలో ఇల్లిల్లూ పంచారు. ఒక కట్ట పత్రిక ఆఫీసుకు పంపి ధర్నా చేస్తామన్నారు. పత్రికవాళ్లు విచారించలేదు. ఆ జనసంద్రం శీర్షిక ఎవరు పెట్టారో వాళ్లకు తెలియదా? అరపేజీ ఎవరిచ్చారో తెలియదా? ఆ పత్రికకు పక్షపాతం లేదని నేను ఈరోజు కూడా అనను. ఉంది, పుష్కలంగా ఉంది. దాన్ని మోయడానికి వాళ్లకొక మనిషి కావలసివచ్చాడు. ఆ మనిషిని నేను చూపించాను. రేపటి నుంచి వార్తలు పంపొద్దని ఆయనకు ఒక్క ఫోన్ చేశారు. ఇరవై ఏళ్లు ఆ ఫోన్తో అయిపోయాయి.

ఆ సంగతి తెలిసి మేం సంఘంలో ఒకరినొకరు అభినందించుకున్నాం.

మూడేళ్లు గడిచాయి. ఒక బాబా మహిమల మీద వివాదం నడుస్తుంటే పాత వార్త ఒకటి కావలసివచ్చి ఆదోని గ్రంథాలయానికి వెళ్లాను. పాత పేపర్లన్నీ కుట్టి పెట్టారు. పుటలు తిప్పుతుంటే ఆ మహాసభ మర్నాటి పేపరు వచ్చింది. ఆదోని పేజీ.

ప్రతిపక్ష సభ అరపేజీ ఉంది. మూడు ఫొటోలు ఉన్నాయి. మధ్యలో గడి కట్టి ప్రత్యేకంగా వేసిన వార్త: మూఢనమ్మకాలను అరికట్టే చట్టం తేవాలని నాయకుడు అన్న మాటలు, పూర్తిగా, అయిదు పేరాలు. నేను వెయ్యి మందికి లేదని చెప్పిన మాటలు. చివర, నాలుగు గంటలకు వెనక వరసలు ఖాళీ అయ్యాయని ఒక వాక్యం. రెండు వారాలు వెనక్కి తిప్పాను. అధికార పార్టీ సభ మర్నాడు కూడా ఆదోని పేజీలో ఆయన రాసినది వేరే ఉంది. హోమం పొగకు ముందు వరసల్లో జనం దగ్గుతూ లేచారనీ, మూడున్నరకు ఆడవాళ్లు గుంపుగా వెళ్లిపోయారనీ. రెండూ ఒకే కొలత. స్కేలు అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది.

ఆయన రెండు సభలకూ సమానంగా రాశాడు. జిల్లా మొదటి పేజీలో జనసంద్రం అల్లిందీ, మా ఎమ్మిగనూరు పేజీకి ఏది ఎంత రావాలో కత్తిరించిందీ డెస్కు. గ్రంథాలయందాకా పోనవసరం కూడా లేదు. ఫోన్లో పేపరు తెరిచి వేలితో జరిపితే ఆదోని పేజీ వస్తుంది. ఆ రోజుల్లోనూ వచ్చేది. నేను జరపలేదు. నాకు కావలసింది దొరికింది గనుక.

అప్పటికి ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయం ఎదుట చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాస్తున్నాడు. నేను వెళ్లేసరికి చిప్పగిరి వైపు నుంచి వచ్చిన ఒక ముసలామెకు పింఛను అర్జీ రాస్తున్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని పంపించాడు. తర్వాత నన్ను చూసి స్టూలు జరిపాడు.

"కుచ్చోండి సారూ. టీ తాగుదురా?"

"ఆదోని పేపరు చూసినానప్పా," అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టాడు.

"మూడేండ్లకు చూసినారు."

"తప్పు నాది. నువ్వు ఆరోజు గట్టిగా చెప్పింటే..."

"గట్టిగానే సెప్తి సారూ. మీ మైకు ఇంగా గట్టిగా సెప్పింది."

క్షమించమని అడిగాను. చెయ్యి ఊపి ఆ మాటను పక్కకు తోసేశాడు.

"అదంతా ఇడిసిపెట్టండి. ఒక్క పని చేయండి. ఆ పుస్తకంలో రాసినట్లే ఇది గూడ రాసి అచ్చేయించండి. పంచండి. మా వీధిలో మీ పుస్తకం చదవనోళ్లు లేరు, ఆ పొద్దు పేపర్లో ఏమొచ్చిందో గుర్తుండేటోళ్లు లేరు. ఇప్పుడు అర్జీ రాస్తాండా గదా, దానికి గూడ అడుగుతారు, ఏ పార్టీవాళ్లకు రాస్తాండావప్పా అని. నేను సెప్తే నమ్మరు. మీరు సెప్తే నమ్ముతారు. మీరు కొలిచినారు గదా."

"నెల తిరక్కముందే వేయిస్తా," అన్నాను.

వేయించలేదు.

మొదట బాబా వివాదం అడ్డు వచ్చింది. హేతువాది కొలతే తప్పని తేలితే బాబా భక్తులు నన్ను బతకనిస్తారా, ఉద్యమం ఏమవుతుంది అనుకున్నాను. తర్వాత ఎన్నికలు వచ్చాయి. ఇప్పుడు రాస్తే ఒక పార్టీవాళ్లు వాడుకుంటారు అనుకున్నాను. ఎన్నికలు అయ్యాక, వేడి తగ్గాక రాద్దామనుకున్నాను. వేడి తగ్గింది, ఇక ఎవరికి గుర్తుందిలే అనిపించింది. ప్రతి కారణానికీ మంచి తర్కం ఉంది. తర్కానికి నాకు ఎప్పుడూ కొరత లేదు. అసలు కారణం ఒక్కటే. చప్పట్లు కొట్టిన హాలు ముందు తప్పు చేశానని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. గుళ్లో తప్పు ఒప్పుకుని చెంపలు వేసుకునేవాళ్లను చూసి నవ్వినవాణ్ని. వాళ్లు చేసేపాటి పని నేను చేయలేకపోయాను.

పోయిన ఏడాది ఒకసారి ఆదోని బస్టాండులో కనిపించాడు. గురువారం. మంత్రాలయం బస్సు కోసం నిలబడ్డాడు. చిక్కిపోయాడు. పుస్తకం సంగతి అడుగుతాడని బిగుసుకుని నిలబడ్డాను. ఆయన అడగలేదు.

"మోకాళ్లెట్లుండాయి సారూ? కర్ర పట్టుకోండి, నామోషీ ఏముంది?" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు. అడగకపోవడం చూసి నేను బతికిపోయాననుకున్నాను. అడిగి లాభం లేదని ఆయన తేల్చుకున్నాడని నాకు తోచలేదు.

మిత్రుడు ఫోన్ చేసిన రోజు సాయంత్రమే కూర్చుని రాశాను. మూడేళ్లుగా రాయలేనిది అరగంట పట్టింది. ఒక్క పేజీ. నేను కొలిచింది ఎమ్మిగనూరు పేపరు మాత్రమేననీ, ఆదోని పేజీలో ఇది ఉందనీ, ఆయన ఏ పక్షం తరఫునా రాయలేదనీ, నేను రాసింది అబద్ధమనీ. అయిదు వందలు అచ్చు వేయించి, ఆ రెండు ఆదోని పేజీల జిరాక్సు కూడా పట్టుకుని, మరో వారానికి ఆయన ఇంటికి వెళ్లాను.

పత్తి మార్కెట్టు వెనక వీధిలో చిన్న ఇల్లు. ఆయన భార్య అరుగు మీద చేటలో కొర్రలు చెరుగుతోంది. నేనెవరో చెప్పాను. చేట పక్కన పెట్టి, "తెలుసులే అన్నా. కుచ్చో," అంది. చదువు రాదన్నది. కాగితం చదివి వినిపించాను. ఆమె చివరిదాకా కదలకుండా వింది.

"ఈ మాట ఆయనకు సెప్పింటివా?"

"చెప్పినానమ్మా. మూడేండ్ల కిందట."

"అట్లయితే ఆయనకు తెలుసు. నాకూ తెలుసు, ఆయన సెప్పినాడు." నేను చాచిన కాగితాన్ని నా వైపుకే తోసింది. "నాకేంటికన్నా ఇది? తెలియనోళ్లకు ఇయ్యి. ముందు ఆ పక్కింట్లో ఇయ్యి. మీ పుస్తకం వచ్చిన పొద్దు ఆయప్ప మా గడపలో నిలబడి గట్టిగా చదివినాడు. ఈయన లోపల అన్నం తింటాండె."

ఆమె గొంతులో కోపం లేదు. ఎవరింటికి పోవాలో దారి చెప్పినట్టు చెప్పింది.

పక్కింటి తలుపు తట్టాను. నా వయసు మనిషే తీశాడు. నన్ను చూసి మొహం వికసించింది. "ఎమ్మిగనూరు సారు గదా! రండి సారూ, లోపలికి రండి! మీ పుస్తకం నా కాడ ఇప్పటికీ ఉండాది. ఏం రాసినారు సారూ, నిప్పు!"

కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని గడపలోనే నిలబడి చదివాడు. మనసులోనే చదువుకున్నాడు, గట్టిగా కాదు. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి మెల్లగా మడిచాడు.

"మంచి పని చేసినారు సారూ. ఎంతైనా పోయిన మనిషి. నాలుగు మంచి మాటలు రాసినారు. మీ పెద్దతనము."

"మంచి మాటలు కావప్పా. నిజం. నేను ముందు రాసిందే అబద్ధం."

"అట్లే అట్లే," అన్నాడు మెత్తగా. చావింటికి వచ్చినవాళ్లను ఊరడించే గొంతు అది.

నేను జిరాక్సు కాగితాలు తీశాను. గోడకు ఆనించి పట్టుకుని వేలు పెట్టి చూపించబోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడేంటికి సారూ ఇయన్నీ? పోయినాడు గదా."